నది మీద పక్షుల్ని లెక్కపెట్టడం కుదిరే పనేనా? అవి ఎగిరిపోవూ?

జనవరిలో గోదావరి మీద పక్షుల లెక్క తీస్తారట, కదిలేవాటికి లెక్క ఎలా తేలుతుంది, అది కాలక్షేపం కాదా అని అడిగారు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన లంకల దగ్గర ఏటా ఈ పనిలో ఉంటాను కాబట్టి చెప్తున్నాను. లెక్క తేలుతుంది. కాలక్షేపం అసలే కాదు.

గుంపు కనబడగానే ముందు ఓ పది పక్షుల్ని కచ్చితంగా లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర పట్టాయో చూసుకుని, ఆ మేరనే గుంపంతా జరుపుకుంటూ పోతాం. నది మీద అసలు చిక్కు వేరే ఉంది. పడవ దగ్గరికి రాగానే నీటికాకులు లేచి మళ్ళీ మన ముందే వాలతాయి. అలా ఒకే పక్షిని మూడుసార్లు రాసేయొచ్చు. అందుకే మనల్ని దాటి వెనక్కి పోయినవే పుస్తకంలోకి ఎక్కుతాయి. గుడ్డికొంగలకి ఇంకా ఓపిక కావాలి. బురదరంగులో బురద మీదే కూర్చుంటాయి, రెక్క విప్పితేగానీ ఆ తెలుపు బయటపడదు.

ఒక సంక్రాంతి రోజుల్లో జరిగింది చెప్తాను. దాళ్వా (రెండో పంట) వరికి నీళ్ళు కాలవల్లోకి మళ్ళించారేమో, దిగువన ఇసక బాగా తేలింది. మంచు విడుతుంటే చక్రవాకాలు కనిపించాయి. ఇటికరంగు ఒళ్ళు, లేతరంగు తల, జంటలు జంటలుగా కునుకుతున్నాయి. ఇవి మేత మేసేది ఎక్కువగా రాత్రిపూటే. లెక్క సగంలో ఉండగా గట్టు మీంచి ఎవరో కుర్రాళ్ళు డ్రోన్ ఎగరేశారు. గుంపంతా ఒక్కసారి అరుచుకుంటూ లేచిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పడవ తాత మాత్రం గెడ ఇసకలో గుచ్చి, ‘‘ఉండండి బాబూ, ఎక్కడికీ పోవండి. దిగేటప్పుడు లెక్కెట్టుకోండి’’ అన్నాడు. డ్రోన్ పోయాక నిజంగానే రెండేసి, నాలుగేసి వచ్చి అదే తిన్నె మీద వాలాయి. నా లెక్కా, పడవలో నా వెనక కూర్చుని లెక్కపెట్టిన కుర్రాడి లెక్కా రెండు పక్షుల తేడాలో కలిశాయి. లంకల్లో పడవ నడిపేవాడి మాట వినకుండా తీసిన లెక్కని నేను నమ్మను.

ఆ డ్రోన్లని శీతాకాలంలో నది మీద పూర్తిగా ఆపెయ్యాలి. రాత్రంతా తిరిగొచ్చి పగలు కునుకు తీసే పక్షిని ఒక వీడియో కోసం లేపడం అన్యాయం.

ఇంకో బాధ కూడా ఉంది. పెద్ద కెమెరాలతో వచ్చేవాళ్ళు అరుదైన పక్షి కోసం రోజంతా కూర్చుంటారు, కొంగలకీ నీటికాకులకీ మాత్రం పక్షుల లెక్కలు పంపే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అంకె బదులు ‘‘ఉన్నాయి, లెక్కపెట్టలేదు’’ అనే ఎక్స్ కొట్టి పోతారు. రాబందులు కూడా ఒకప్పుడు మామూలు పక్షులే కదండీ! 1980ల్లో పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గారు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో వాటిని లెక్కపెట్టి ఉంచారు కాబట్టే, తర్వాతి దశాబ్దంలో అవి కూలిపోతున్న సంగతి అంకెల్లో బయటపడింది. 2007కల్లా తెల్లవీపు రాబందులు 1990ల తొలినాళ్ళతో పోలిస్తే వెయ్యికి ఒకటి మిగిలాయి. కారణం పశువులకిచ్చే నొప్పుల మందు డైక్లోఫెనాక్ అని, ఆ పశువుల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయని తేలాక, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఆ పాత లెక్కే లేకపోతే ‘‘ఎక్కడికో వలస పోయుంటాయిలే’’ అని ఊరుకునేవాళ్ళం. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, అంటే మీరడిగిన ఈ నీటిపక్షుల లెక్క, 1987 నుంచి ఏటా జనవరిలో జరిగేది ఇందుకే. ఒక జాతిలో నూటికి ఒక వంతు క్రమం తప్పకుండా ఒకే చోట చేరుతోందని అంకెలు చూపిస్తే, ఆ చోటుకి అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు అడగడానికి అదొక్కటీ చాలు. ఫొటోలు పెట్టి అడిగితే ఎవరూ ఇవ్వరు.

మీ ఊరూ ఏటి ఒడ్డునే అన్నారు కాబట్టి వచ్చే జనవరిలో మీరే మొదలుపెట్టండి. తెల్లారగానే, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడండి. తెల్ల చొక్కా వద్దు. ఏటా అదే రేవు, అదే వారం చూడండి. ఒక్క పక్షీ కనబడకపోతే సున్నా వేసి పంపండి, అదీ లెక్కే.