క్యాటా, జీమ్యాటా, జీఆర్‌ఈయా? ముందు ఏం చదవాలో తేల్చుకో తమ్ముడూ

నంద్యాలలో బీకాం చివరి ఏడాది చదువుతున్నానని, ఎంబీఏ గానీ ఎకనామిక్స్ గానీ చేయాలని ఉందని, క్యాట్, జీమ్యాట్, జీఆర్‌ఈలలో రెండింటికీ పనికొచ్చే పరీక్ష ఒక్కటి చెప్పమని అడిగావు. అట్లాంటి పరీక్ష కోసం వెతికి నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మాది కర్నూలు దగ్గర పల్లె. నాన్న ఎర్రగడ్డలు వేసేవాడు. ఒక ఏడాది చేతినిండా డబ్బు, మరుసటి ఏడాది మార్కెట్ యార్డుకు తోలిన బాడుగ కూడా రాదు. ధర అట్లా ఎందుకు పడిపోతుందో తెలుసుకోవాలనే డిగ్రీలో మ్యాథ్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ తీసుకున్నా. అంటే నాకు కావాల్సింది మొదటినుంచీ ఎకనామిక్సే. చుట్టాలంతా ఎంబీఏ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అనేసరికి మనసు అటూ ఇటూ ఊగింది. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు బిజినెస్ స్కూళ్ళు అడిగే జీమ్యాట్ రాస్తే విదేశాల్లో రెండింటికీ చెల్లుతుందన్నారు. నమ్మి రాశాను. స్కోరు వచ్చాక యూనివర్సిటీల పేజీలు తెరిచి చూస్తే, నేను అనుకున్న ఎకనామిక్స్ డిపార్టుమెంట్లు అడిగింది జీఆర్‌ఈ! మళ్ళీ వేలకు వేలు ఫీజు, మళ్ళీ ఆరు నెలలు. అదంతా నాన్న పంట డబ్బు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

నువ్వు మాత్రం ముందు నీకు నచ్చిన ఐదారు కోర్సుల అడ్మిషన్ వివరాలు నువ్వే చదివి, ఒక కాగితం మీద రాసుకో. ఏ పరీక్ష రాయాలో ఆ కాగితమే చెబుతుంది.

ఎంబీఏ అయితే, ఐఐఎంలకు క్యాట్. నవంబరులో జరుగుతుంది. రెండు గంటలు, మూడు భాగాలు, ఒక్కో భాగానికి 40 నిమిషాలు. ఆ స్కోరు ఆ ఏడాది అడ్మిషన్లకే పనికొస్తుంది. జీమ్యాట్, జీఆర్‌ఈ స్కోర్లు ఐదేళ్ళు చెల్లుతాయి. విదేశాల్లో చాలా బిజినెస్ స్కూళ్ళు ఆ రెండింటిలో ఏదైనా తీసుకుంటాయి, కానీ వాటి ఎంబీఏకు సాధారణంగా కొన్నేళ్ళ ఉద్యోగ అనుభవం చూస్తారు. కాబట్టి బీకాం అయిన వెంటనే జీమ్యాట్‌కు అంత డబ్బు పెట్టొద్దనే నా మాట. మన రాష్ట్రంలో ఎంబీఏ సీట్లకు పెట్టే ఐసెట్‌ను చిన్నచూపు చూడొద్దు. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగటివ్ మార్కులు లేవు. క్యాట్‌కు చదివినవాడికి దానికి వేరే ప్రిపరేషన్ పెద్దగా అక్కర్లేదు.

ఎకనామిక్స్ సంగతి వేరు. మన దేశంలోనే ఎంఏ చేయాలంటే నువ్వడిగిన మూడింటిలో ఏదీ అక్కర్లేదు! హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సొంత పరీక్ష పెడుతుంది. కడప యోగి వేమన, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలకు రాష్ట్రం పెట్టే ఏపీ పీజీసెట్. ఈ మాట నాకు డిగ్రీలో ఒక్కరూ చెప్పలేదు.

విదేశాల్లో ఎకనామిక్స్ అంటే జీఆర్‌ఈ. కొన్ని చోట్ల అది కూడా తప్పనిసరి కాదు, చూసుకో. 2023 సెప్టెంబరు నుంచి దాన్ని రెండు గంటల లోపుకు కుదించారు. క్వాంట్, అంటే లెక్కల భాగం, మార్కులు 130 నుంచి 170 దాకా ఉంటాయి. ఎకనామిక్స్ వాళ్ళు ముఖ్యంగా చూసేది ఆ క్వాంట్‌నే, 165 పైన తెచ్చుకునేలా చదువు. స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఉంటుంది. జీమ్యాట్ క్వాంట్‌లో అది ఉండదు. జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ వాళ్ళ పవర్‌ప్రెప్ మాక్ టెస్టులు రెండు ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒకటి రాసి చూడు. ఫీజు కట్టేటప్పుడు పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఇవ్వు.

ఇంటర్‌లో నీది మ్యాథ్స్ ఉన్న ఎంఈసీనా, మ్యాథ్స్ లేని సీఈసీనా? అది రాయలేదు. ఎకనామిక్స్ మాస్టర్స్‌లో మొదటి నెల నుంచే క్యాలిక్యులస్, మ్యాట్రిసెస్ వాడతారు, కొన్ని చోట్ల ఇంటర్ మ్యాథ్స్ లేకపోతే అప్లికేషనే తీసుకోరు. సీఈసీ అయితే ఏ పరీక్షకూ ఇప్పుడే ఫీజు కట్టకు. ముందు ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు తెచ్చుకుని రెండు నెలలు కూర్చుని, ఎట్లా ఉందో ఇక్కడే రాయి. నేను చూస్తుంటా.