పిల్లల చేత డాబా తోట చేయించాలంటే మెంతులు కాదు, సొరపాదు పెట్టండి

పాపకు ఆరేళ్లు, బాబుకు తొమ్మిది, డాబా మీద నాలుగు కుండీలకు చోటుంది, తేలిగ్గా పెరిగే కూరగాయ ఏదని కదా మీరు అడిగింది. ఎవర్నడిగినా మెంతులు చల్లమంటారు. మూడో రోజుకే మొలుస్తాయి, మూడు వారాల్లో పప్పులో పడతాయి, కాదనను. కానీ ఆ మూడు వారాలూ పిల్లలకు నీళ్లు పోయడం తప్ప పనుండదు. ఉన్న ఒక్క పనీ రోజుకు నాలుగుసార్లు చేస్తారు. కాడ మొదట్లో మెత్తబడి మొక్కలన్నీ వాలిపోతాయి. దాన్నే నారుకుళ్లు అంటారు. నేరం మాత్రం విత్తనాల మీదికి పోతుంది.

నన్నడిగితే సొరపాదు పెట్టండి. కాకర, దోస, గుమ్మడి పూలు తెల్లవారుతూనే విచ్చుకుంటాయి. ఆ వేళకి ఇంట్లో జడలు, టిఫిన్ బాక్సులు, బస్సు హారన్. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, బీరపువ్వూ అంతే. పిల్లలు బడి నుంచి వచ్చి పాలు తాగి పైకెక్కేసరికి పూలు సిద్ధంగా ఉంటాయి.

నాలుగు చిన్న కుండీల బదులు 60 లీటర్ల టబ్బు ఒకటి చాలు. చిన్న కుండీలో సొర పెడితే తీగ సాగుతుంది, పిందె నిలవదు. మట్టి తడిశాక బరువు 60 కిలోలు దాటుతుంది కాబట్టి స్లాబు నడిమధ్యన కాకుండా, కింద గోడో బీమో ఉన్నచోట, పిట్టగోడ వారన పెట్టండి. అడుగున బొటనవేలు పట్టేన్ని చిల్లులు ఐదారు పెట్టి, వాటిమీద పెంకు ముక్కలు వేసి, టబ్బును ఇటుకల మీదికి ఎత్తండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు నానబెట్టిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), రెండు గుప్పిళ్లు వేపపిండి. పచ్చి పేడ మాత్రం వద్దు, ఆ వేడికి వేర్లు మాడతాయి, పైగా వేరుపురుగు చేరుతుంది.

విత్తనాల దగ్గర ఒక్క జాగ్రత్త. ప్యాకెట్లో గింజలు గులాబీ రంగులోనో నీలంగానో ఉంటే అవి శిలీంద్రనాశిని మందు పట్టించినవి. పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆ హెచ్చరికేమో ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ముందు వైపు మాత్రం నిగనిగలాడే కాయ బొమ్మ! మందు పట్టించని గింజలు అడిగి తెచ్చుకోండి.

మూడు గింజలు రాత్రంతా నానబెట్టి అంగుళం లోతున పెట్టించండి. మొలవడానికి వారం పడుతుంది. ఈలోపు వచ్చిందో లేదోనని పిల్లలు తవ్వి చూస్తారు, అది ఆగే పని కాదు. అందుకని నాలుగో గింజను గాజు గ్లాసులో తడిగుడ్డకూ గాజుకూ మధ్య పెట్టి కిటికీలో ఉంచండి. వేరెటు దిగుతోందో వాళ్లే చూసుకుంటారు, టబ్బు జోలికి రారు. మొలిచాక బలమైన మొక్కనొకదాన్ని ఉంచి మిగతా రెంటినీ కత్తెరతో కోసేయండి. పీకితే ఉంచిన మొక్క వేరు కూడా కదులుతుంది. నీళ్లకి ఒకటే నియమం: వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించాలి, పొడిగా తగిలితేనే పోయాలి. పది, పన్నెండు ఆకులయ్యాక తీగ కొస గిల్లేయండి. ఆడపూలు పక్క కొమ్మల మీదే ఎక్కువ వస్తాయి.

యాభై రోజులకు అటూ ఇటూగా పూత మొదలవుతుంది. ముందొచ్చేవన్నీ మగపూలే, సన్నని పొడుగు కాడ మీద నిలబడి ఉంటాయి. 'పూస్తోంది, కాయట్లేదు' అని యూరియా వేసేవాళ్లు ఈ దశలోనే పాదును పాడుచేస్తారు. వారం, పది రోజులాగితే ఆడపూలు వస్తాయి. రేకల కింద నూగుతో బొటనవేలంత బుల్లి సొరకాయ ఉంటుంది, పాప కూడా ఇట్టే పోల్చుకుంటుంది. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చేది రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. మూడో అంతస్తు డాబా మీదికి అవి సరిపడా వస్తాయన్న నమ్మకం లేదు, ఆ పని పిల్లలది. విచ్చుకున్న మగపువ్వు ఒకటి తెంపి, తెల్లటి రేకలు వెనక్కి ఒలిచేస్తే నడుమ పుప్పొడి కాడ మిగులుతుంది. వేలికి రాస్తే పసుపు పొడి అంటాలి, అంటకపోతే పనికిరాదు, ఇంకోటి తెంపండి. ఆడపువ్వు లోపల మూడు తమ్మెలుగా ఉన్న మెత్తటి భాగం కనిపిస్తుంది. మూడింటికీ తగిలేలా మెల్లగా అద్దాలి, రుద్దకూడదు. ఒక మగపువ్వుతో రెండు ఆడపూలకు అద్దొచ్చు. కాడకు రంగు దారం కట్టి తేదీ రాయించండి. పట్టిందా, మూడు నాలుగు రోజుల్లో పిందె ఊరుతూ తల వాలుస్తుంది. పట్టకపోతే పసుపెక్కి రాలిపోతుంది. బాబు కట్టిన దారాలతో లెక్క తేలుతుంది.

పట్టిందో లేదో తేలేదాకా ఆగకుండా, పుప్పొడి అద్దిన మర్నాడే పిందెకు పాత పల్చటి గుడ్డ సంచి తొడగాలి. లేదంటే పండు ఈగ పొడిచి గుడ్లు పెడుతుంది, కాయ వంకర తిరిగి లోపల కుళ్లుతుంది. దారం కట్టిన రోజు నుంచి రెండు వారాలు లెక్కేసి గోరు గుచ్చి చూడండి, సులువుగా దిగితే కోసేయాలి. వండేముందు చిన్న ముక్క పెద్దవాళ్లు నాలుక మీద పెట్టుకుని చూసి ఉమ్మేయండి. చేదు తగిలితే కాయంతా పారేయాల్సిందే. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి, ఉడికించినా పోదు. పిల్లలు ఏడ్చినా సరే, వండొద్దు.

మొదలుపెట్టడం మాత్రం జూన్‌లో, బడులు తెరిచాక. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్నారు కదా అని మే నెలలో పెడితే డాబా వేడికి లేతమొలక మాడిపోతుంది. మెంతుల మీద అంత మనసుంటే ఆ టబ్బు అంచునే చల్లుకోండి, తీగ పందిరెక్కేలోపు ఒక కోత వచ్చేస్తుంది.