మీ ప్రశ్న – మా జవాబు: పార్టీ టికెట్ లేకుండా కౌన్సిలర్‌గా నిలబడొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. నేను డిగ్రీ చదివి ఇంట్లోనే టైలరింగ్ చేస్తున్నా. మా వీధి కాలవలో పూడిక తీసి ఎన్నాళ్లయిందో, కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు. మా కౌన్సిలర్ ఆడమనిషే గానీ పెత్తనమంతా వాళ్లాయనది, గెలిచాక ఆవిడ మొహం మేం చూళ్లేదు. ఈసారి నేను నిలబడదామనుకుంటున్నా. టికెట్ ఎవరూ ఇవ్వరు, పంచడానికి డబ్బుల్లేవు. పరువు పోతుందని ఇంట్లో గొడవ. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నిలబడండమ్మా. ఇండిపెండెంట్ గెలిచి మాత్రం ఏం చేస్తారులే అనేవాళ్లుంటారు, వాళ్లకి 2021 మార్చిలో తాడిపత్రిలో ఏం జరిగిందో చెప్పండి. మొత్తం 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16 వచ్చాయి, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంట్‌కి ఒకటి. ఎమ్మెల్యే, ఎంపీలకి పదవి వల్ల కౌన్సిల్లో ఉండే ఓట్లు (ఎక్స్ అఫీషియో ఓట్లు) కలిపితే వైసీపీ కూడా 18 అయింది, అప్పుడు ఆ మిగిలిన ఇద్దరూ ఎటుంటే వాళ్లకే చైర్మన్ సీటు, చివరికి టీడీపీకే వచ్చింది. ఒక్క కౌన్సిలర్ ఓటుకి అంత విలువుంటుంది.

డబ్బు గురించి భయపడుతున్నారు, అది నిజమైన భయమే, పంచేవాళ్లు పంచుతారు. కానీ చిన్న మున్సిపాలిటీల్లో వార్డుకి ఓట్లు చాలాచోట్ల వెయ్యి, రెండు వేలే ఉంటాయి, ఎమ్మెల్యే అభ్యర్థి నియోజకవర్గమంతా గడపగడపకీ తిరగలేడు గానీ మీరు వార్డంతా రెండుసార్లు, మూడుసార్లు తిరగగలరు, బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ మీరు ఇప్పటికే తెలుసు కూడా. కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. ముందు ఓటర్ల లిస్టు పట్టుకోండి. అసెంబ్లీ లిస్టునే వార్డులవారీగా విడగొడతారు, అక్కడే మీ వీధిలో సగం ఇళ్లు పక్క వార్డులోకి పోతుంటాయి, డ్రాఫ్ట్ పెట్టినప్పుడే చూసి అభ్యంతరం రాసివ్వాలి, పోలింగ్ రోజు గొడవపడితే లాభం లేదు. అసలు ఓటే లేనివాళ్ల చేత ఇప్పుడే ఫారం 6, అంటే కొత్త ఓటు దరఖాస్తు, పెట్టించండి.

రిజర్వేషన్లు కూడా మారుతుంటాయి. మీ వార్డు మీకు పనికిరాకుండా పోతే దిగులు పడొద్దు, ఆ మున్సిపాలిటీలో ఓటుండి 21 ఏళ్లు నిండితే పక్క వార్డులో కూడా నామినేషన్ వెయ్యొచ్చు, మిమ్మల్ని ప్రతిపాదించే మనిషికి మాత్రం ఆ వార్డులో ఓటుండాలి. జనరల్ వార్డులో ఆడవాళ్లు నిలబడకూడదనేం లేదు. ఇంటిపన్ను, నీటిపన్ను బకాయిలుంటే ముందే కట్టేసి రసీదు దాచుకోండి, అఫిడవిట్‌లో ఒక్క కాలమ్ కూడా ఖాళీగా వదలకండి, నామినేషన్లు పరిశీలించేటప్పుడు (స్క్రూటినీలో) ఇలాంటి చిన్నవాటికే నామినేషన్లు ఎగిరిపోతాయి. ఇక విత్‌డ్రా చేసుకునే చివరి రోజు దాకా ఎదుటివాళ్లు బంధువులతో, పెద్దమనుషులతో ఒత్తిడి పెట్టిస్తారు, ఇంట్లోవాళ్లతో ఆ మాట ఇప్పుడే తేల్చుకోండి.

ప్రచారంలో పింఛను ఇప్పిస్తా, ఇల్లు ఇప్పిస్తా అనకండి, అవి కౌన్సిలర్ చేతిలో ఉండేవి కావు. కాలవలు, చెత్త, వీధిలైట్లు, కుళాయిలు, మున్సిపల్ రోడ్లు, వీటి గురించి మాట్లాడండి. గెలిస్తే అసలు పని కౌన్సిల్ మీటింగులో. మీటింగుకి ముందు అజెండా కాగితాలు ఇస్తారు, చదువుకుని వెళ్లాలి, ఫలానా పనికి ఇంత బిల్లు ఎందుకైందో అడగాలి, నచ్చకపోతే డిసెంట్, అంటే ఒప్పుకోనని, రాసివ్వాలి. చదవకుండా చేతులెత్తే కౌన్సిళ్ల వల్లే మీ కాలవ అలా ఉంది, ఈ మాట నేను కోపంగానే రాస్తున్నా.

రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది వాళ్లు మాట్లాడాలని, సంతకం పెట్టి భర్త చేతికి ఫైలివ్వాలని కాదు. మీ ఆయన మీ వెంట తిరిగి ఓట్లడగొచ్చు, పోలింగ్ ఏజెంటుగా కూర్చోవచ్చు, చాలా మంచిది. ఫోన్ నంబరు మాత్రం మీది ఇవ్వండి, కరపత్రం మీద ఫొటో మీది ఒక్కటే వెయ్యండి, గడప దగ్గర మాట్లాడేది మీరే అవ్వాలి.

టీ ఖర్చు దగ్గర్నుంచి ఆటో మైకు దాకా రోజూ ఒక పుస్తకంలో రాసుకోండి. ఫలితాలొచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఓడినా ఇవ్వాలి, ఇవ్వకపోతే తర్వాత ఎన్నికల్లో నిలబడకుండా అనర్హత వేటు పడుతుంది.