ఒకే రికార్డింగుపై విమర్శకులు ఎందుకు విభేదిస్తారు?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కొత్తగా వెలువడిన ఛాంబర్ (కొద్దిమంది వాద్యకారులే కలిసి వాయించే) లేదా గాత్ర రికార్డింగును ఒక విమర్శకుడు ఆకాశానికెత్తితే మరొకరు పెదవి విరవడం ఎందుకన్నది ప్రశ్న.

ప్రధాన కారణం పోలిక. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో స్వరపరచిన 24 పాటల మాల ‘వింటరైజె’ను ఇప్పుడు ఎవరు పాడినా, బారిటోన్ (మధ్యస్థాయి పురుష గాత్రం) గాయకుడు డీట్రిష్ ఫిషర్-డీస్కావ్ పలుమార్లు చేసిన రికార్డింగులు విమర్శకుడి చెవిలో ముందే మోగుతూ ఉంటాయి. టెనర్ (హెచ్చు పురుష గాత్రం) స్థాయిలో రాసిన ఆ పాటలను బారిటోన్లు శ్రుతి తగ్గించి పాడతారు కనుక పియానో కూడా మంద్రస్థాయికి దిగి బరువుగా ధ్వనిస్తుంది. ఆ బరువు ఒకరికి విషాదానికి తగిన గాఢతగా, మరొకరికి మసకబారిన స్పష్టతగా తోస్తుంది. అందుకే సమీక్షలోని పొగడ్త కన్నా, దేనితో పోల్చారన్నదే నాకు ఎక్కువ విషయం చెబుతుంది.

ఛాంబర్ సంగీతంలో తగవు వేరేచోట మొదలవుతుంది. రెండు చెల్లోలతో (వయొలిన్ కుటుంబంలో మంద్రంగా మోగే పెద్ద వాద్యం) 1828లో షూబర్ట్ రాసిన స్ట్రింగ్ క్వింటెట్ (ఐదు తీగవాద్యాల కృతి) మొదటి భాగంలో, ఆరంభ ఖండాన్ని తిరిగి వాయించాలనే గుర్తు ఉంది. దాన్ని పాటిస్తే ఆ భాగం సుమారు 19 నిమిషాలు, వదిలేస్తే 14 నిమిషాలకు అటూ ఇటూగా సాగుతుంది. ఆ నిడివిని కొందరు విశాలత అంటారు, కొందరు సాగదీత అంటారు. జంతువుల పేగుతో చేసిన పాతకాలపు తీగలు వాడారా, వైబ్రాటో (స్వరాన్ని సన్నగా కంపింపజేయడం) ఎంత తగ్గించారు అన్నవి అభిరుచికి సంబంధించిన వాదాలు. మైకులు మరీ దగ్గరగా ఉంటే వాద్యకారుల ఊపిరి సైతం వినబడుతుంది. దాన్ని లోపంగా లెక్కించే సమీక్షకులూ ఉన్నారు, నాకు మాత్రం అది ఇష్టమే.