సేవకు పిలుపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వందనాలు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పక్షవాతంతో వచ్చి డిశ్చార్జి అయినవాళ్ళు నెల తిరక్కుండానే నడుము కింద పుండ్లతో మళ్ళీ వస్తున్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సేవ చేయమని దేవుడు నాకు భారం ఇచ్చాడని నమ్మాను. సంఘం యవ్వనస్థుల్లో నలుగురు కలిశారు. జీవకోన, కొర్లగుంట వైపు పన్నెండు ఇళ్ళతో మొదలుపెట్టాం. మూడో నెలకే ఇద్దరు మానేశారు, మిగిలిన ఇద్దరితో మాటామాటా పెరిగింది. ఇప్పుడు ఒక్కదాన్నే తిరుగుతున్నాను. నాది నిజమైన పిలుపేనా? – ఒక సహోదరి, తిరుపతి

జవాబు: సహోదరీ, మీ పిలుపును కాదు, మీ లెక్కను అనుమానించండి. పన్నెండు ఇళ్ళకు వారానికొకసారి ఇద్దరేసి వెళ్ళాలంటే ఇరవై నాలుగు మనిషి రాకపోకలు. అయిదుగురికి పంచితే తలా అయిదు. షిఫ్టు డ్యూటీలు, కాలేజీలు, ఇంటి పనులు ఉన్నవాళ్ళు వారానికి అయిదు ఇళ్ళు తిరగలేరు. మానేసిన ఇద్దరూ విశ్వాసంలో చల్లబడ్డారని అనుకోవద్దు. అలసిపోయారు, ఆ మాట చెప్పడానికి మొహమాటపడ్డారు. నిర్గమకాండం 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే, మామ యిత్రో అతని పిలుపును ప్రశ్నించలేదు. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారని చెప్పి, పనిని వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒకరు చొప్పున పంచమన్నాడు.

ఈ వారమే పన్నెండు ఇళ్ళను నాలుగు చేయండి. మిగతా ఎనిమిదింటినీ ఊరికే వదిలేయకండి. ఒక్కొక్క ఇంటికీ ఒకసారి వెళ్ళి, రోగిని చూసుకునే మనిషికి పని నేర్పి, మళ్ళీ ఎప్పుడు రాగలరో ఉన్నదున్నట్టు చెప్పండి. వస్తామని చెప్పి రాకపోవడం అసలు వెళ్ళకపోవడం కన్నా ఎక్కువ బాధపెడుతుంది. ఎప్పుడూ ఇద్దరుగానే వెళ్ళండి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపాడు (మార్కు 6:7). ఒకరు రోగిని చూస్తే, రెండోవారు ఇంటివాళ్ళతో కూర్చుంటారు. ఆడమనిషి మంచాన ఉన్న ఇంట్లో ఇద్దరిలో ఒకరు తప్పకుండా స్త్రీ అయివుండాలి.

పుండ్లు ఎందుకు పడతాయో మీకు తెలుసు. మీతో వచ్చే యవ్వనస్థులకు తెలియదు. రాత్రి పదింటికి వెల్లకిలా పడుకోబెట్టిన మనిషిని పొద్దున ఆరింటికే కదిలిస్తారు. ఎనిమిది గంటలు ఒంటి బరువంతా తోక ఎముక మీద, మడమల మీద ఉంటుంది. అక్కడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుంది. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. 'ఆరింటికి ఎడమ, ఎనిమిదింటికి వెల్లకిలా, పదింటికి కుడి' అని పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అంటించండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు, కాబట్టి చుట్టుపక్కల కన్నా నల్లగా, వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడమని నేర్పండి. అక్కడ రుద్దకూడదు. పుండు మీద పసుపు, పౌడరు, స్పిరిట్ వేయకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగు చాలా ఇళ్ళలో కొంటారు. అది అంచుల దగ్గర ఇంకా ఒత్తి రక్తాన్ని ఆపుతుంది, తీసేయించండి. గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ మంచిదే కానీ, అది ఉందని ఒత్తిగిలించడం మానకూడదు.

ముక్కు గొట్టం మార్చడం, యూరిన్ పైపు వేయడం, లోతు పుండుకు కట్టు కట్టడం నర్సింగ్ చదివినవాళ్ళే చేయాలి. ఉత్సాహంతో ఎవరు చేయి పెట్టబోయినా ఆపండి. ఒళ్ళు తుడవడం, దుప్పటి మార్చడం, గోళ్ళు తీయడం, యూరిన్ సంచి నడుము కన్నా కిందికి వేలాడేలా కట్టడం, గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు ఎత్తి, పోశాక ఇంకో అరగంటైనా అలాగే ఉంచడం ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఇంకో మాట. మీరు వెళ్ళే ఇళ్ళలో ఎక్కువ భాగం హిందూ కుటుంబాలే అయివుంటాయి. ప్రార్థన చేయమంటారా అని అడగండి, వద్దంటే చిరునవ్వుతో దుప్పటి మార్చి రండి. సేవను ఎరగా వాడకూడదు. మందులు మానేసి ప్రార్థన మీదే ఆనుకోమని మీ బృందంలో ఒక్కరు అన్నా ఆ రోజే సరిదిద్దండి. రోగి ఫొటో వాట్సాప్‌లో పెట్టవద్దు, ప్రార్థన గ్రూపు అయినా సరే. గంగమ్మ జాతర వారంలో సాయంత్రాలు దారులు కిక్కిరిసిపోతాయి, ఆ వారం రాకపోకలు ఉదయానికి మార్చుకోండి.

ఇక గొడవల సంగతి. ఎవరు ఏం చేయాలో ముందే అనుకోకపోతే మాటలు పడక తప్పదు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు వడ్డింపులో తేడా వచ్చిందని సణుగుడు పుడితే, పన్నెండుమంది శిష్యులు సర్ది చెప్పి ఊరుకోలేదు. ఏడుగురిని ఎన్నిక చేయించి పని అప్పగించారు. మీలో ఒకరు తేదీలు, ఫోన్లు చూడాలి, ఒకరు డబ్బు, ఒకరు సంచి. సంచిలో గ్లవ్స్, గాజుగుడ్డ, దూది, సెలైన్ సీసా, అంటుకునే టేపు, థర్మామీటరు, బీపీ మిషన్ ఉంటే చాలు. అయిపోయినవాటిని ఆ రోజే రాసుకోవాలి. ప్రతి ఇంటికీ ఒక నోటు పుస్తకం పెట్టి, తేదీ, చర్మం ఎలా ఉంది, ఏం చేశారు, వచ్చే వారం ఏం చూడాలి అని నాలుగు వరుసలు రాయండి. మీకు నైట్ డ్యూటీ పడినా ఆ పుస్తకం చూసి ఇంకొకరు పని అందుకుంటారు. వారానికొక అరగంట కూడుకుని ప్రార్థించి, పుస్తకాలు తెరిచి చదవండి. మనసులో ఉన్నది అక్కడే చెప్పుకోండి, గ్రూపులో మెసేజీలుగా కాదు.

మానేసిన ఇద్దరి దగ్గరికీ మీరే వెళ్ళండి. మార్కును వెంట తీసుకువెళ్ళే విషయంలో పౌలు, బర్నబా విడిపోయారు. అదే మార్కు పరిచర్యకు తనకు ఉపయోగపడతాడని పౌలు చివర్లో రాశాడు (2 తిమోతి 4:11). నెలకొక ఇల్లు చాలు అని అడిగి చూడండి.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పూర్తికాల సేవకు దేవుడు పిలుస్తున్నాడు. ఉద్యోగానికి ఈ నెలే రాజీనామా ఇస్తే అవిశ్వాసం పోయినట్టా? – ఒక సహోదరుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, రాజీనామా విశ్వాసానికి కొలత కాదు. అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును (పౌలును) పంపేనాటికి వాళ్ళు అక్కడే ఏడాదిపాటు బోధించి ఉన్నారు (అపొ. 11:26, 13:1-3). పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు. మీకు దగ్గరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. వేలూరు ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్, ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పులో వైద్యం అందక చనిపోయారని తెలిసి పిలుపును ఒప్పుకున్నారు. వెంటనే ఆసుపత్రి తెరవలేదు. అమెరికా వెళ్ళి వైద్యం చదివి, 1899లో పట్టా పుచ్చుకుని, 1900లో తిరిగొచ్చారు. స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్ ఆమెకు తోడుగా వచ్చారు.

మీరు ముందు భార్యతో కూర్చుని నెల ఖర్చు కాగితం మీద పెట్టండి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, చీటీ వాయిదా, బంగారం మీద అప్పు, ఏదీ దాచకుండా. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). అప్పులు తీరి, కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండేదాకా ఉద్యోగం వదలవద్దని మా మాట. మామిడి సీజన్లో డబల్ షిఫ్టులు ఉంటాయి కాబట్టి ఆ రెండు నెలలు కొత్త బాధ్యత తీసుకోకండి. మిగతా ఏడాది సండేస్కూలో, గృహ కూడికో ఒకే పని ఎంచుకుని మానకుండా చేయండి. ఏడాది చివర కాపరిని, మీతో పనిచేసినవారిని, మీ భార్యను విడివిడిగా అడగండి: ఈ పనిలో నేను ఎక్కడ పనికొచ్చాను, ఎక్కడ అడ్డమయ్యాను? ముగ్గురూ ఒకే వరం పేరు చెబితే అప్పుడు చదువు గురించి ఆలోచించండి. దైవశాస్త్ర పట్టాలిచ్చే సేరంపూర్ సెనేట్ గుర్తింపు ఉన్న కళాశాలలనే చూడండి. హైదరాబాదులో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది.

ప్రశ్న: వేరే సంఘంవారితో కలిసి ఆసుపత్రి బయట రోగుల సహాయకులకు భోజనం పెడుతున్నాం. కానుకలన్నీ ఒక సహోదరుడి సొంత ఖాతాలోకి వెళుతున్నాయి. నమ్మకస్థుడే. మార్చమంటే నొచ్చుకుంటాడేమో? – తిరుపతి

జవాబు: సంఘాలు కలిసి చేయడం ఈ సీమకు కొత్త కాదు. 1912లో మదనపల్లెలో క్షయ శానిటోరియం పుట్టినప్పుడు దాని పేరులోనే యూనియన్ మిషన్ అని ఉంది. ఒక్క మిషన్ మోయలేని బరువును కొన్ని మిషన్లు కలిసి ఎత్తుకున్నాయి. అదే నేటి ఆరోగ్యవరం.

డబ్బు విషయంలో మాత్రం ఈ నెలే మార్చండి. ఆ సహోదరుణ్ని కాపాడటానికే మారుస్తున్నామని ఆయనతో ముందుగా, ఒంటరిగా చెప్పండి. పౌలు అంతటివాడే కానుక తీసుకువెళ్ళడానికి తోడు మనుషులను పెట్టుకున్నాడు, ఎవరూ తప్పుపట్టకూడదని (2 కొరింథీ 8:19-21). ఇద్దరి సంతకాలతో నడిచే ఉమ్మడి ఖాతా తెరవండి, రెండు సంఘాల నుంచి ఒక్కొక్కరు. పని పెద్దదైతే సొసైటీగా రిజిస్టరు చేయించవచ్చు, దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. విదేశాల నుంచి ఎవరైనా పంపుతామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకండి. వండే చోటుకు ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషన్ చేయించండి. ఎండాకాలంలో పెరుగన్నం పొద్దున కలిపి మధ్యాహ్నం పెట్టవద్దు, అన్నం, పెరుగు విడిగా తీసుకెళ్ళి వడ్డించేటప్పుడే కలపండి.