చెప్పి వదిలేస్తే చాలదు, వాళ్ళ చేత చేయించి చూడాలి

ప్రశ్న: వలస కూలీలు, గిరిజనులు, పేదవాళ్ళలో ఆరోగ్యం మీద అవగాహన పెంచడం ఎలా? అవగాహన లేకపోవడం వల్లే కదా వాళ్ళకి జబ్బులు ఎక్కువ?

సంగారెడ్డి వైపు నాకో మెడికల్ షాపు ఉంది. చుట్టూ ఇటుక బట్టీలు. ఏటా చలికాలంలో పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. వానలు పడేదాకా ఇక్కడే ఉంటాయి. కాబట్టి మీరడిగింది నా కౌంటర్ ముందు రోజూ నిలబడే ప్రశ్న. అయితే ప్రశ్నలో రెండో వాక్యంతో నేను అస్సలు ఒప్పుకోను. మనం చెప్పాల్సినదాంట్లో సగమే చెబుతాం. ఆ సగమైనా అవతలివాళ్ళకి అర్థమైందో లేదో చూడం. చివరికి "వాళ్ళకి అవగాహన లేదండీ" అని తప్పు వాళ్ళ మీదకే నెట్టేస్తాం.

ఒక ఏప్రిల్ సాయంత్రం బట్టీలో పనిచేసే ఒకావిడ చంటివాణ్ణి చంకనేసుకుని వచ్చింది. పక్కన పదేళ్ళ కూతురు. ఏటా వస్తూ ఉండడంతో ఆ పిల్లకి తెలుగు బాగానే వచ్చు. తల్లి చేతిలో నలిగిపోయిన జ్యూస్ డబ్బా ఒకటి ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో ఓఆర్‌ఎస్ అని రాసి ఉంది, విరేచనాలప్పుడు పట్టించే ఉప్పు-గ్లూకోజ్ నీళ్ళ మందు పేరు అది. "భయ్యా, ఏహీ దేదో" అంది. రెండు రోజులుగా పిల్లాడికి నీళ్ళ విరేచనాలు. ఓ ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్తే, అక్కడి డాక్టర్ కాగితం మీద గిలికి "ఓఆర్‌ఎస్ పట్టించండి" అని పంపేశాడట. ఇంకేమీ చెప్పలేదు. ఆ క్లినిక్ పక్కనే ఉన్న షాపువాడు ఈ డబ్బా చేతిలో పెట్టాడు. కూలి డబ్బుల్లోంచి అలాంటివి వరసగా కొని పట్టించింది. విరేచనాలు తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి.

ఎందుకు ఎక్కువవుతాయో చెప్తాను, ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళలోనూ అదే డబ్బా ఉండి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్ళకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పేగు గోడలోంచి సోడియం, గ్లూకోజ్ జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీళ్ళూ వెళ్తాయి. మందు పనిచేసేది అలా. ఆ డబ్బాలో లాగా చక్కెర దానికి ఎన్నో రెట్లు వేస్తే మిగిలిపోయిన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తుంది. అప్పుడు ఆ తల్లి ఎంత శ్రద్ధగా పట్టిస్తే పిల్లాడు అంత నీరసపడతాడు.

ఆ రోజు పిల్లాడి కళ్ళు కొంచెం లోపలికి పోయాయి. గ్లాసు చూపిస్తే చాలు, ఆత్రంగా లాక్కుంటున్నాడు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే కాకుండా మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఏడిస్తే మాత్రం గట్టిగానే ఏడుస్తున్నాడు, మనిషి తెలివిగానే ఉన్నాడు. ఉదయాన్నే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకెళ్ళమని, రాత్రి తాగడం మానేసినా, మత్తుగా పడుకున్నా, విరేచనంలో రక్తం కనబడినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తమని చెప్పాను. ఫ్రిజ్‌లోంచి లీటరు నీళ్ళ సీసా తీసి, ఆమె చూస్తుండగా ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం అందులో పోసి కలిపాను. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి, కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి, తల్లిపాలు మానకూడదు. ఇదంతా ఆ పిల్ల తల్లికి వాళ్ళ భాషలో చెప్పింది. తల్లి తల ఊపింది.

అవగాహన కార్యక్రమాలన్నీ సరిగ్గా ఈ తల ఊపడం దగ్గరే అయిపోతాయి. ఫోటో తీసుకుంటారు, రిజిస్టర్‌లో సంతకాలు చేయిస్తారు, వెళ్ళిపోతారు.

నేను ఇంకో ప్యాకెట్ ఆమె చేతికిచ్చి "ఇప్పుడు మీరు కలిపి చూపించండి" అన్నాను. ప్యాకెట్ చింపింది. సగం స్టీలు గ్లాసులో పోసింది, మిగతా సగం మడిచి కొంగున ముడి వేయబోయింది. నిరుడు పెద్దపిల్లకి జబ్బు చేసినప్పుడూ అలాగే ఇచ్చిందట. గ్లాసుకి అంత పొడి కలిపితే ఉప్పు మోతాదు మించి పిల్లాడికి ప్రమాదం. కానీ ఆమె చేసినదాంట్లో తెలివితక్కువతనం ఎక్కడుందో చెప్పండి! పసివాడు తాగేది గుక్కెడు. బట్టీలో నీళ్ళు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఉంటాయి, లీటరు కొలిచే పాత్రే లేదు. ప్యాకెట్ మీద ఉన్నది ఇంగ్లీషు. సగం దాచుకోవడం అంటే పొదుపు చేయడం. ఆమె బతుకంతా నేర్పింది అదే. అందుకే ఖాళీ సీసా ఒకటి ఇచ్చి, "మెడ దాకా నీళ్ళు, ప్యాకెట్ మొత్తం" అని మళ్ళీ చేయించాను. ఈసారి కూతుర్ని పక్కన నిలబెట్టుకుని తనే ఒడియాలో వివరిస్తూ కలిపింది.

పిల్లాడు కోలుకున్నాడు. తర్వాత అదే బట్టీ నుంచి వేరే ఆడవాళ్ళు కూడా చేతిలో లీటరు సీసా పట్టుకుని ప్యాకెట్ కోసం వచ్చారు. ఇంతకంటే పెద్ద రుజువు నాకు అక్కర్లేదు. మేము ప్యాకెట్ అమ్ముతాం కానీ పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్తల దగ్గర అది ఉచితం. వచ్చినవాళ్ళందరికీ అదీ చెబుతాను. దాంతోపాటు జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. రెండు రోజుల్లో విరేచనాలు తగ్గగానే చాలామంది ఆపేస్తారు, ఎందుకు కొనసాగించాలో ఎవరూ చెప్పరు కాబట్టి.

ఆ డబ్బాల గురించి ఇంకొక్క మాట. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2022లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు' అని ఒక గమనిక వేస్తే చాలు, బ్రాండు పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. 2025 అక్టోబరు 14న ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. మధ్యలో ఎంతమంది పిల్లలకి ఆ తీపినీళ్ళు పట్టించి ఉంటారో! మా షాపుకి దగ్గర్లోని అపార్ట్‌మెంట్ల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా అదే డబ్బా అడిగి తీసుకెళ్ళేవారు. వాళ్ళు ఇంజినీరింగ్ చదివినవాళ్ళు, లేబుల్ చదవగలరు. వాళ్ళూ మోసపోయారు. తేడా ఎక్కడంటే, వాళ్ళ పిల్లాడు నీరసపడితే అరగంటలో కారులో ఆసుపత్రికి చేరతాడు. బట్టీ పిల్లాడికి మేస్త్రీ ఒప్పుకోవాలి, ఆటో దొరకాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. కాబట్టి పేదవాళ్ళకి పాఠాలు చెప్పేకంటే ముందు డబ్బా మీద అబద్ధం రాయకుండా ఆపడం చవక, తేలిక.

చదువు రాకపోతే వైద్యం అర్థం కాదనేవాళ్ళకి 1971 గుర్తుచేస్తాను. బంగ్లాదేశ్ యుద్ధంలో పారిపోయి వచ్చిన శరణార్థులు సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో చచ్చిపోతున్నారు. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే పట్టించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. ఆ నీళ్ళు పట్టించినవాళ్ళకి వైద్యంలో ఏ శిక్షణా లేదు. ఎలా పట్టాలో దగ్గరుండి చూపించారు, అంతే.

తర్వాత బంగ్లాదేశ్‌లోనే బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు ఊరూరా ఆడవాళ్ళని పంపింది. కోటీ ఇరవై లక్షల ఇళ్ళకి వెళ్ళారు. మూడు వేళ్ళతో పట్టినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధశేరు (సుమారు అర లీటరు) నీళ్ళు, ఇదీ వాళ్ళు నేర్పిన కొలత. తల్లి చేతే కలిపించేవారు. కొన్నాళ్ళకి వేరే మనిషి వచ్చి, ఆ తల్లికి ఎంత గుర్తుందో, సరిగ్గా కలపగలదో లేదో పరీక్షించేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన కార్యకర్తకి అంత డబ్బు. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. మన దగ్గర ఎన్ని మీటింగులు పెట్టారు, ఎన్ని కరపత్రాలు పంచారు అని లెక్కపెడతారు. విన్న మనిషికి ఏం గుర్తుందో ఎవరు లెక్కపెడుతున్నారు?

2016లో యాంటీబయాటిక్ స్ట్రిప్పుల మీద ఎర్రగీత గురించి కేంద్రం ప్రచారం చేసింది. డాక్టర్ చెప్పకుండా ఆ మందు వాడకూడదని దాని అర్థం. మీ ఇంట్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. పైగా మా షాపులవాళ్ళు స్ట్రిప్పుని కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తారు. మందు పేరు, గడువు తేదీ మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. పారాసిటమాల్ చుక్కలమందు సాధారణంగా మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు, సిరప్ అయితే ఐదు మిల్లీలీటర్లకి 125 లేదా 250. చుక్కలమందుని సిరప్ లెక్కన పోస్తే పిల్లల కాలేయానికి ప్రమాదం. ఈ తేడా తెలుగులో ఓ చిన్న చీటీ మీద అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని స్పష్టంగా ఉంది. చాలా షాపుల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, మనిషి ఉండడు. నా తోటి వ్యాపారులకి కోపం వచ్చినా సరే, ఇది మార్చాల్సిందే.

వలస కూలీల గురించి అడిగారు కాబట్టి నాకు తోచింది చెబుతాను. బట్టీల దగ్గర ఒడియాలో బడులు నడిపిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. అంటే ఒడియా తెలిసిన మనుషులు దొరుకుతారు. సీజన్ మొదలవగానే కొన్ని బట్టీలకి కలిపి ఒకరిని, వీలైతే ఆ కూలీల్లోంచే ఒకావిడని పెట్టండి. గుడిసెకో లీటరు సీసా, నాలుగు ప్యాకెట్లు ఇవ్వండి. మేలో ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) వెళ్ళి ఏ తల్లినైనా కలిపి చూపించమని అడగాలి. సరిగ్గా కలిపిన తల్లులు ఎంతమందో చూసి, ఆ లెక్కన బట్టీల్లో నేర్పడానికి పెట్టిన ఆవిడకి జీతం ఇవ్వాలి.