ఫారంలో ఆ గడి ఎవరు నింపారు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అమ్మ వీల్‌చైర్‌లోనే ఉంటుంది. కడపలోని ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా 2025 జనవరిలో సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వెళ్లే క్రూజ్‌కు తీసుకెళ్లాను. రేవుల్లో దిగి ఊరు చూసే టూర్లకని ఏజెంటే విడిగా రూ.38,000 తీసుకున్నాడు. ఫుకెట్‌లో ఓడ ఒడ్డుకు రాలేదు, చిన్న పడవలోకి అమ్మను ఎక్కించుకోలేదు. అందరూ దిగిపోతుంటే ఆమె ఏడ్చేసింది. ఓడ కంపెనీ మీదా, ఏజెంటు మీదా రూ.20 లక్షలకు కేసు వేయొచ్చా? తెలిసిన డాక్టరు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు. చీటింగ్ కేసు కూడా పెట్టొచ్చా? వచ్చే ఏడు అమ్మను మళ్లీ తీసుకెళ్లాలని ఉంది.

జవాబు: మీ నాలుగు పేజీల ఉత్తరంలో నాకు పనికొచ్చింది చివర్లో యథాలాపంగా రాసిన ఒక్క మాట: బుకింగ్ ఫారంలో ‘ప్రత్యేక సహాయం’ గడి ఖాళీగా ఉందని. ఆ ఫారం ఎవరు నింపారమ్మా? మీరే నింపి ఖాళీగా వదిలేసి ఉంటే కేసు అక్కడే సగం పోయింది. ఏజెంటు నింపి, మీరు వీల్‌చైర్ సంగతి అతనికి ముందే చెప్పారని రుజువు ఉంటే మాత్రం అతను తప్పించుకోలేడు.

ఓడ కంపెనీని వదిలేయండి. ఫుకెట్‌లో పటాంగ్ బీచ్ ముందు ఓడలు లోతు నీళ్లలో లంగరేసి, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. అలల మీద ఓడా ఊగుతుంది, పడవా ఊగుతుంది. కదలలేని మనిషిని ఎక్కించాలా వద్దా అన్నది ఓడవాళ్ల నిర్ణయమని టికెట్ షరతుల్లో సాధారణంగా ఉంటుంది. మీరు చదవకుండానే ఒప్పుకుంటున్నానని నొక్కారు. భద్రత కోసం వద్దన్నవాళ్లను వినియోగదారుల కమిషన్ తప్పుపట్టడం కష్టం.

పట్టుకోవాల్సింది ఏజెంటును. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. వీల్‌చైర్ అని తెలిసీ, టెండర్ మాట ఎత్తకుండా టూరు అమ్మితే అది ఇందులోకి వస్తుంది. “అమ్మ కుర్చీ గురించి బెంగ వద్దు మేడమ్” అని అతను పంపిన వాయిస్ మెసేజ్, డబ్బు కట్టక ముందుదైతే, మీకు బంగారం. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ఆ మెసేజ్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. డబ్బు ఫోన్‌పేలో పంపారు కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. ఫుకెట్‌లో ఓడ రేవుకు ఆనిందా, లంగరేసిందా అని ఓడ కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు రాబట్టండి. వాళ్లను ప్రతివాదిగా కాక సాక్ష్యంగా వాడుకోండి.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి పోవద్దు. కమిషన్ విచారణ న్యాయ విచారణతో సమానం. దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల దాకా జైలు, పాపం ఆ డాక్టరు కూడా మీతోనే ఇరుక్కుంటాడు. పక్షవాతం వచ్చినప్పటి ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ ఇంట్లోనే ఉంటుంది కదా, అది చాలదా? చీటింగ్ కేసుకు మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. అది మీ దగ్గర లేదు.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల చట్టం సెక్షన్ 69. దిగలేకపోయిన రోజు నుంచి లెక్క. ఏడాది పైన మీరు ఏజెంటుతో వాట్సాప్‌లో వాదిస్తూ గడిపేశారు. ఆ వాదనలు గడువును పొడిగించవు, లాయరు నోటీసు కూడా పొడిగించదు.

షరతుల్లో ‘ముంబై కోర్టులే’ అని ఉన్నా భయపడకండి. అదే చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే కడప జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదు అమ్మ పేరా, మీ పేరా ఇద్దరిదీ వేయండి. ఫుకెట్ టూరు సొమ్ము, వడ్డీ, మానసిక వేదనకు సబబైన మొత్తం అడగండి. మిగతా క్రూజ్ మీరు అనుభవించారు. రూ.20 లక్షలంటే అసలు ఫిర్యాదే పలచబడుతుంది.

మళ్లీ వెళ్లేటప్పుడు డబ్బు కట్టక ముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. ప్రతి రేవులో ఓడ గట్టుకు ఆనుతుందా, టెండరా? టూర్ బస్సుకు వీల్‌చైర్ లిఫ్ట్ ఉందా, మెట్లెన్ని? కుర్చీ బరువు, వెడల్పు, మడతపడుతుందా లేదా కూడా మీరే రాసి పంపండి. పెనాంగ్‌లో స్వెటెన్‌హామ్ పియర్ దగ్గర ఓడ గట్టుకే ఆనుతుంది, అలాంటి రేవులున్న మార్గం ఎంచుకోండి. ఈసారి ఆ గడి మీరే నింపండి.